నువ్వులనూనె, మట్టి బరువులు, నడుమునొప్పి

పవర్‌లిఫ్టరును గుర్తుపట్టడానికి అతడు బరువెత్తుతుండగా చూడనక్కరలేదు. పెళ్ళిలో పంక్తిభోజనానికి నేలమీద చాపలు పరిచినప్పుడు చూస్తే చాలును. వీపుమీద రెండువందల కిలోల ఇనుము పెట్టుకొని, తొడ మొదలు మోకాలికంటె కిందికి దిగేదాకా కూర్చొని లేవగల మహానుభావుడు, చాపమీద బాసిపట్టు వేసుకొని కూర్చోవడానికి మాత్రం నానా అవస్థలు పడతాడు. ముందు ఒక చెయ్యి నేలకు ఆనిస్తాడు. ఆ పైన ఒక పక్కకు ఒరుగుతాడు. కూర్చున్నాక మోకాళ్ళు రెండూ ఆకాశానికేసి చూస్తుంటాయి. లేచేటప్పుడు పక్కనున్న ముసలాయన చెయ్యి అందిస్తే మొహమాటం లేకుండా పట్టుకుంటాడు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. భుజాలకు పట్టిన చొక్కా నడుము దగ్గర గోనెసంచిలా వేలాడుతుంది. నడుముకు సరిపోయినది భుజాలలో దూరదు. జబ్బల కండ అడ్డువచ్చి సొంత వీపు గోక్కోలేడు. గోడవార నిలబెట్టిన కర్రో, తలుపు అంచో, ఇంట్లో పిల్లల చేతులో ఆ పని చేసిపెట్టాలి. డెడ్‌లిఫ్టు ఎత్తేటప్పుడు ఇనుపకడ్డీ మోకాలికింది ఎముకను గీరుకుంటూ పైకి వస్తుంది కాబట్టి కాళ్ళ ముందుభాగాన ఎప్పుడూ ఏవో పుండ్లు మానుతూనో కొత్తగా లేస్తూనో ఉంటాయి. ఆ నెత్తురు కడ్డీకి అంటకుండా పోటీల్లో మోకాళ్ళదాకా మేజోళ్ళు తొడుక్కోవాలని నిబంధన. కడ్డీ సులువుగా జారడానికి తొడలకు చంటిపిల్లలకు వేసే పౌడరు దట్టంగా పులుముకుంటారు. కనుక పోటీ జరిగే చోట ఒక మూల అమోనియా ఘాటు, ఒక మూల పసిపిల్లల ఉయ్యాల వాసన! అమోనియా ఎందుకంటే, బరువు దగ్గరికి వెళ్ళేముందు దానిని ఒక్కసారి గుప్పున పీలిస్తే తల అదిరి ఒళ్ళు మేలుకొంటుందని వారి విశ్వాసం. కొందరు దానితోపాటు చెంపలు కూడా వాయించుకుంటారు, లేదా స్నేహితుడిచేత వాయించుకుంటారు. గట్టి గుడ్డతో కుట్టిన ప్రత్యేకమైన చొక్కా ఒకటి ఉంది. బెంచ్‌ప్రెస్ కోసం దానిని తొడిగించడానికి ఇద్దరు మనుషులు కావాలి. పెళ్ళికూతురిని ముస్తాబు చేయడానికి కూడా అంత పెనుగులాట ఉండదు.

ఇక ఇరుగుపొరుగుల దృష్టిలో పవర్‌లిఫ్టరంటే జీతంలేని హమాలీ. బీరువా జరపాలన్నా, నిండు గ్యాసుబండ మేడమీదికి చేర్చాలన్నా కబురు అతడికే వస్తుంది. నిజానికి అతడు వద్దామనే అనుకుంటాడు. కాని వారంలో నాలుగు రోజులు నడుము పట్టేసి ఉంటుంది, మిగిలిన మూడు రోజులు నడుము పట్టేయకుండా చూసుకోవాలి. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. అంత ఒళ్ళు పెట్టుకొని గ్యాసుబండ ఎత్తలేవా అంటారు.

నవ్వు వస్తుంది, నిజమే. నవ్వు వెనుక ఉన్న ప్రశ్నకు మాత్రం చాలా పెద్ద వయస్సు ఉంది. బరువెత్తే శరీరం దానికి ఏమి మూల్యం చెల్లిస్తుంది? ఆ మూల్యాన్ని ఎవరైనా ఎక్కడైనా రాసిపెట్టారా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుదారిమీద వరుసగా ఉన్న ఊళ్ళు. 2022 ఏప్రిల్‌దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి చేరినవి. ఈ మూడు ఊళ్ళ మధ్య ఆ ప్రశ్నకు దొరికే సమాధానాలు నాకు ఆసక్తిగా తోచాయి. వాటిని ఇక్కడ పోగుచేస్తున్నాను.

ముందుగా ఈ ఆట పుట్టుక గురించి రెండు మాటలు. పవర్‌లిఫ్టింగు వేరు, కరణం మల్లీశ్వరికి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిపెట్టిన వెయిట్‌లిఫ్టింగు వేరు. వెయిట్‌లిఫ్టింగులో బరువు తలపైకి వెళ్ళాలి. పవర్‌లిఫ్టింగులో మూడే పనులు: బరువుతో కూర్చొని లేవడం, బల్లమీద వెల్లకిలా పడుకొని ఛాతీమీదినుంచి నెట్టడం, నేలమీది బరువును నిలువునా ఎత్తి నిలబడడం. ఒక్కొక్కదానికి మూడేసి ప్రయత్నాలు, వెరసి తొమ్మిది. మొదటి ప్రపంచపోటీ 1971లో అమెరికాలోని యార్క్ పట్టణంలో జరిగింది. మరుసటేడు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఒలింపిక్స్‌లోకి నేటికీ ప్రవేశం దొరకలేదు. ఆట వయస్సు అరవయ్యేళ్ళకు అటూ ఇటూ మాత్రమే, కాని అందులోని మూడు పనులలో రెండు మన పల్లెల్లో అనాదిగా ఉన్నవే. మొదటిదాన్ని మన తాలీముల్లో బస్కీలన్నారు. మూడవది ఊరి చావడి ముందు పడి ఉండే రాతిగుండును ఎత్తడం. వెల్లకిలా పడుకొని బరువెత్తే తెలివి ఒక్కటే మనకు తట్టినట్టు లేదు. మన పూర్వులకు పడుకోవడమంటే పడుకోవడమే.

ఈ ఆటలో శరీరం పడే పాట్లు వైద్యులు కొలిచి చూసినవి కొన్ని ఉన్నాయి. బరువెత్తేవాడు ఊపిరి నిండా పీల్చి, గొంతు బిగించి, పొట్టను బండలా చేసుకుంటాడు. లోపలి ఆ ఒత్తిడే వెన్నుకు ఊతకర్ర. 1985లో కెనడా పరిశోధకులు బరువులెత్తేవారి ధమనిలో నేరుగా గొట్టం అమర్చి రక్తపోటు కొలిచారు. రెండు కాళ్ళతో బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 తేలింది. ఒక్కరిలో 480/350 దాటింది. మనకు 140 ఉంటేనే డాక్టరు కళ్ళద్దాలు సవరించుకొని ఉప్పు తగ్గించమంటాడు! అది కొన్ని క్షణాలపాటే ఉండి దిగిపోతుంది కాబట్టి మనుషులు బతికి బట్టకడుతున్నారు. ముక్కువెంట నెత్తురు కారడం, కంట్లో ఎర్రజీర పగలడం, ఒక్కొక్కసారి కళ్ళు బైర్లు కమ్మి పడిపోవడం ఈ లోకంలో వింతలు కావు. 2016లో ఎడ్డీ హాల్ అనే ఇంగ్లీషాయన మొట్టమొదటిసారి ఐదువందల కిలోలు నేలనుంచి ఎత్తాడు. దించిన వెంటనే ముక్కునుంచి నెత్తురు కారి కుప్పకూలాడు, కొంతసేపు చూపు కూడా పోయిందని తానే చెప్పుకున్నాడు.

నన్ను అంతకంటె కదిలించిన మనిషి లామార్ గాంట్ అనే అమెరికన్. అతడికి పుట్టువెన్ను పక్కకు వంకర. మామూలుగా అయితే బరువులు ముట్టుకోవద్దనే రకం. 1985లో అతడు తన శరీరబరువుకు ఐదింతలు నేలనుంచి ఎత్తాడు. అంతకుముందు ఆ పని చేసినవాడు లేడు. అరవై కిలోల మనిషి మూడువందల కిలోలు ఎత్తుతుండగా ఆ వంకరవెన్ను ఇంకా వంగి, చేతులు మోకాళ్ళకు మరికాస్త దగ్గరై, బరువు ఎక్కవలసిన దూరం తగ్గేదట. అవిటితనమే ఉపాయమైంది. అష్టావక్రుడు జనకుని సభలో గెలిచినట్టు అనిపిస్తుంది, కాకపోతే ఈయన వాదించింది భూమ్యాకర్షణతో.

ఇప్పుడు మన రైలుదారికి వద్దాము. హిందూపురం స్టేషను దిగినవారికి ఊరు ముందుగా వాసనతో పరిచయమవుతుంది. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి. ఈ మూడూ బస్తాల్లో వచ్చి బస్తాల్లో పోయేవే. బస్తా ఉన్నచోట హమాలీ ఉంటాడు. హమాలీ అన్నమాట అరబ్బీ. 'హమ్మాల్' అంటే మోసేవాడు. చిత్రమేమిటంటే బలానికి సంబంధించి మనం వాడే మాటల్లో సగం అటునుంచి వచ్చినవే. వస్తాదు పారశీకపు ఉస్తాదు, అంటే గురువు. పహిల్వాను, కుస్తీ కూడా పారశీకాలే. తాలీము అరబ్బీలో చదువు. సాము, గరిడీ, జెట్టి మాత్రం మన పక్కవి. హిందూపురం దాటి రెండడుగులు వేస్తే కన్నడదేశం. అక్కడా వ్యాయామశాలను గరడిమనె అనే అంటారు. ఇలా పోటీలో గెలిచేవాడికి గురువు, చదువు అన్న గౌరవాలు దొరికాయి. రోజంతా మోసేవాడికి దొరికింది మోసేవాడన్న పేరు ఒక్కటే.

లెక్క వేసి చూడండి. పోటీరోజున పవర్‌లిఫ్టరు ఎత్తేది తొమ్మిదిసార్లు. వాటి మధ్య విశ్రాంతి, అరటిపండు, మిత్రుల చప్పట్లు. పదిటన్నుల లారీని ఐదుగురు హమాలీలు దించితే తలకు రెండు టన్నులు, అంటే యాభై కిలోల బస్తాలు నలభై. అది ఒక్క లారీ. పూర్వం క్వింటాలు బస్తాలే వాడుక. ఇద్దరు చెరొక కొస పట్టి లేపితే మూడవవాడు వంగి వీపు అందించేవాడు. యాభై కిలోల బస్తా మామూలైనది మన కళ్ళముందే. అంతర్జాతీయ కార్మిక సంస్థ వయోజనుడైన మగవాడు చేతులమీద మోసే గరిష్ఠ బరువు 55 కిలోలు మించరాదని సిఫారసు చేసినది 1967లో. బస్తాలు ఆ మాట వినడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూశారు కదా.

పవర్‌లిఫ్టరుకూ హమాలీకీ ఒళ్ళు అరిగే చోట్లు ఇంచుమించు ఒకటే. నడుము కింది రెండు పూసల మధ్యనుండే బిళ్ళ, మోకాలిచిప్ప, భుజపుకీలు. బిళ్ళ జారి నరాన్ని ఒత్తితే పిరుదునుంచి మడమదాకా మంటతీగ లాగినట్టు పాకే నొప్పిని ఆయుర్వేదంలో గృధ్రసి అన్నారు. గృధ్రం అంటే గద్ద. ఆ నొప్పి పట్టినవాడి నడక గద్ద నడకలా ఉంటుందని కొందరి వ్యాఖ్య. పేరు పెట్టినవాడు ఎవరో గాని మనిషిని బాగా గమనించినవాడు. తేడా ఎక్కడంటే, నొప్పి వచ్చినప్పుడు పవర్‌లిఫ్టరు మానుకోవచ్చు. హమాలీకి ఆ రోజు కూలి లేదు. కూలి బస్తాకింత అని లెక్క కట్టేచోట నడుము నొప్పికి చిట్టాలో గడి ఉండదు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. వీరభద్రాలయపు నాట్యమండపంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనకుండా ఉంటుంది. యాత్రికులు దాని కిందినుంచి గుడ్డ దూర్చి ఇవతలికి లాగి ఆనందిస్తారు. నేనూ లాగాను. ఆ మండపంలో దాదాపు డెబ్బై స్తంభాలుంటే కప్పు బరువు మిగతావన్నీ పంచుకొని మోస్తున్నాయి. మోయనిది ఒక్కటే. ఫొటోలు దానికే. ఊరవతలి నంది ఏకశిల, ఇరవైఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు. దానిని ఎవరూ మోసుకొచ్చి పెట్టలేదు. ఉన్న బండను ఉన్నచోటనే చెక్కారు. శిల్పి తెలివైనవాడు, తన మనుషుల నడుములు కాపాడాడు.

హిందూపురంనుంచి ఉత్తరంగా వస్తే పెనుకొండ. 1354 ప్రాంతంలో బుక్కరాయల కొడుకు విరూపణ్ణ పాలనలో కోట లేచింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత హంపి పాడుపడగా తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. కొండ కింద గగనమహలు నేటికీ ఉంది. ఊరివాళ్ళు కృష్ణరాయలను తమవాడిగానే భావిస్తారు. వేసవికి ఇక్కడికి వచ్చేవాడని చెప్పుకుంటారు. కనుక రాయల కసరత్తు గురించి ఇక్కడ మాట్లాడితే తప్పులేదనుకుంటాను, చూసినవాడు చూసింది మాత్రం విజయనగరంలోనే.

ఆ చూసినవాడు డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు, 1520 ప్రాంతంలో. రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేయించిన గ్రంథంవల్ల ఆ రాతలు మనకు అందాయి. పేస్ చెప్పిన రాయలవారి దినచర్య ఇది: ప్రతిరోజూ తెల్లవారకముందే నువ్వులనూనె తాగుతాడు. ఆ నూనెనే ఒళ్ళంతా పట్టిస్తాడు. చిన్న గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తుతాడు. ఆపైన కత్తి పట్టి, తాగిన నూనె అంతా చెమటై కారిపోయేదాకా సాము చేస్తాడు. తన మల్లులలో ఒకడితో కుస్తీ పడతాడు. తరువాత గుర్రమెక్కి పొద్దుపొడిచేదాకా మైదానంలో స్వారీ చేస్తాడు. ఇదంతా సూర్యోదయానికి ముందే. ఆ తరువాతనే స్నానం, పూజ, దర్బారు.

నూనె కొలత ముప్పావు పింటు అని సూయెల్ అనువాదం. మన లెక్కలో నాలుగువందల మిల్లీలీటర్ల పైమాట. దానిలో సుమారు మూడువేల ఐదువందల కేలరీలు! ఈనాటి పవర్‌లిఫ్టరు డబ్బాలోని పొడిని పాలల్లో కలిపి తాగి అదే ఘనకార్యమనుకుంటాడు. అంత నూనె పరగడుపున తాగితే సామాన్యుడి పొట్ట ఏ దారి పట్టేదో చెప్పనక్కరలేదు. ఇక ఆ మట్టి బరువులు నాకు చాలా ఇష్టమైన వివరం. ఎత్తిన బరువు ధడేలుమని కింద పడేసి నేల బిళ్ళలు పగలగొట్టడం మన జిమ్ముల్లో కుర్రవాళ్ళకు సరదా. యజమానులు గోడలమీద వద్దని రాయించుకొని మరీ మొత్తుకుంటారు. మట్టి బరువును పడేస్తే బరువే పగిలిపోతుంది. అంటే రాయలు ప్రతి బరువునూ ఎత్తినంత మెల్లగా దించి ఉండాలి. దించడం ఎత్తడంకంటె కండకు ఎక్కువ పరీక్ష అని ఇప్పటి శిక్షకులు చెబుతున్నది ఆయనకు కుమ్మరి నేర్పాడు.

పేస్ రాయల రూపాన్ని కూడా రాశాడు. మధ్యరకం ఎత్తు, మంచి రంగు, చక్కని అంగసౌష్ఠవం, సన్నం అనేకంటె కాస్త లావు అనదగిన ఒళ్ళు, ముఖంమీద మశూచి మచ్చలు. ఇది అచ్చం బరువులెత్తేవాడి ఒళ్ళే! అద్దం ముందు పొట్టమీది పలకలు లెక్కపెట్టుకొనేవాడిది కాదు. మనకు రాయలంటే కళ్ళముందు నిలిచేది 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చిత్రాల్లోని ఎన్.టి. రామారావు. ఆ రామారావే 1985లోనూ, 1989లోనూ, 1994లోనూ హిందూపురంనుంచి శాసనసభకు గెలిచాడు. తెరమీది రాయలు పక్క ఊరికి ప్రతినిధి అయ్యాడన్నమాట. మశూచి మచ్చలున్న లావుపాటి రాయలను మనం ఎన్నడూ చూడలేదు, చూపించినా ఒప్పుకోము.

పదిహేనేళ్ళ తరువాత వచ్చిన మరొక పోర్చుగీసువాడు నూనిజ్. గుర్రాల వర్తకుడు. రాయలు ఏ జబ్బుతో పోయాడో రాశాడు: గజ్జల్లో నొప్పి. ఆయన పూర్వులూ దానితోనే పోయారని, విజయనగరపు రాజులందరి చావూ ఆ జబ్బుతోనేనని కూడా అన్నాడు. ఐదువందల ఏళ్ళ తరువాత మంచం పక్కన కూర్చొని నాడి చూడడం తెలివితక్కువ. విషప్రయోగమో, మూత్రపిండాల రాయో, మరొకటో, ఏదైనా కావచ్చు. కాని బరువులెత్తేవాడు ఎవడైనా ఈ వాక్యం చదివితే అతడి చెయ్యి అసంకల్పితంగా తన గజ్జకు వెళుతుందని మాత్రం పందెం కట్టగలను. పొట్టలో ఒత్తిడి పెరిగి గజ్జల్లో పేగు జారడం ఈ వృత్తికి పాత బంధువు. హమాలీల్లోనూ అంతే. శస్త్రచికిత్స లేని కాలంలో జారిన పేగు మెలిపడితే ప్రాణమే పోయేది.

పేస్ మహర్నవమి ఉత్సవంలో కుస్తీలు కూడా చూశాడు. మన పద్ధతిలా లేదన్నాడు. పళ్ళు రాలేటట్టు, కళ్ళు పోయేటట్టు, ముఖాలు వికృతమయ్యేటట్టు దెబ్బలుంటాయని, కొందరిని మాట పడిపోయిన స్థితిలో స్నేహితులు మోసుకుపోతారని రాశాడు. బరిలో ఇద్దరినీ సమానంగా నిలపడానికీ, గెలిచినవాడికి గౌరవం జరిపించడానికీ పెద్దలుండేవారట. గెలుపు తీర్చేవారున్నారు. మోసుకుపోయినవాడికి ఆ తరువాత ఏమైందో పేస్ రాయలేదు. ఊరు చూడవచ్చిన విదేశీయుడికి అంత అవసరం ఏముంది?

దీనికి ఒక జాడ నాకు థర్‌స్టన్ గ్రంథంలో దొరికింది. దక్షిణదేశపు కులాలమీద ఆయన 1909లో వెలువరించిన సంపుటాల్లో జెట్టి అనే కులాన్ని వర్ణించాడు. తెలుగువారు, వృత్తిచేత మల్లులు. తంజావూరు సీమలో తమిళుల నడుమ ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడేవారు, అక్కడి రాజుల ఖజానాకు కాపలా ఉండేవారు. మైసూరు దసరాలో పిడికిలికి కొమ్ముతో చేసిన ఆయుధం తొడిగి పోరాడే వజ్రముష్టి ఈ జెట్టీలదే. గుండు చేయించుకొని వస్తారు. నెత్తిమీద తొలి నెత్తురుచుక్క కనబడితే పోరు ఆగిపోతుంది. థర్‌స్టన్ రాసిన మరొక సంగతి మనకు ముఖ్యం: తెలుగు జిల్లాల్లో జెట్టీల బతుకుతెరువు ఒళ్ళు పట్టడం, నరాల నొప్పులకు లేపనాలు రుద్దడం. దెబ్బలు కొట్టే చేతులే దెబ్బలు మాన్పే చేతులయ్యాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ఎముక ఏ వైపుకు మెలిపెడితే తప్పుతుందో తెలిసినవాడికి ఏ వైపుకు తిప్పితే కూర్చుంటుందో కూడా తెలుస్తుంది. రాజ్యాలు పోయాక వస్తాదుకు మిగిలిన ఆస్తి ఆ జ్ఞానమే. పుత్తూరు కట్టు నేటికీ ఎందుకు నడుస్తున్నదో ఆలోచిస్తే, నొప్పికి సంబంధించిన మన చదువంతా పుస్తకాల్లో కాక చేతుల్లో ఉండిపోయిందనిపిస్తుంది. చేతులు పోయినప్పుడల్లా కొంత చదువు పోయింది.

కృష్ణరాయల పేరుతో మొదలుపెట్టి కోడి రామమూర్తి నాయుడిని తలచకుండా పోతే తెలుగువారు క్షమించరు. ఆయన మన సీమవాడు కాదు, ఉత్తరాంధ్రలోని వీరఘట్టంవాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, తరువాత సొంత సర్కసు పెట్టి ప్రపంచం చుట్టాడు. ఛాతీమీద ఏనుగును ఎక్కించుకున్నాడు. ఒంటికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంపాడు. చెరొక వైపుకూ లాగే రెండు మోటారుకార్లను గొలుసులతో పట్టి నిలిపాడు. శాకాహారి. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. చివరికి కాలిమీద లేచిన పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు పుచ్చుకోకుండానే శస్త్రచికిత్స చేయించుకున్నాడని చెప్పుకుంటారు. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో పోయాడు. కార్లు ఆపిన కథ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. ఒంటికాలిమీద గడిపిన చివరి దినాల కథ ఎక్కడైనా రెండు వాక్యాలకు మించదు. అన్నట్టు, పెనుకొండ దగ్గర 2019నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ కారు చట్రాలను ఎత్తి తిప్పేది మరచేతులు. వాటికి నడుము లేదు.

పెనుకొండ కొండ ఎక్కుతూ ఒక వింత గమనించవచ్చు. పై నరసింహస్వామి గుడికి మెట్లెక్కే బరువులవారు సగం దారిలోనే బండమీద కూలబడి నీళ్ళు అడుగుతారు. మేకలు తోలుకొనే ముసలామె కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని వాళ్ళను దాటిపోతుంది. ఒక్కసారి పెద్ద బరువు ఎత్తే బలమూ, చిన్న బరువును దినమంతా మోసే బలమూ రెండు వేరు జాతులు. మొదటిదానికి పతకాలున్నాయి.

ఆ ముసలామె గురించి ఒక మాట చెప్పాలి. పవర్‌లిఫ్టింగులో ఆడవాళ్ళకు ప్రపంచపోటీలు 1980లో మొదలయ్యాయి. పెద్ద బరువు ఎత్తేటప్పుడు మూత్రం జారడం ఆ క్రీడాకారిణులలో చాలామంది ఎదుర్కొనే ఇబ్బంది. ఇటీవల వారు దాన్ని సిగ్గుపడకుండా చెప్పుకుంటున్నారు, వైద్యులు కటికండరాలకు వ్యాయామాలు చెబుతున్నారు. మన పల్లెల్లో కాన్పయిన కొద్దివారాలకే నీళ్ళబిందెలూ, కట్టెలమోపులూ ఎత్తిన ఆడవాళ్ళకు గర్భసంచి జారడం తరతరాలుగా ఉన్నదే. వాళ్ళు దాన్ని తల్లికి కూడా చెప్పుకోలేదు. ఏ పోటీలోనూ పాల్గొనకుండా ఏ ఆటగత్తెకు వచ్చే గాయాన్నో భరించి ఊరుకున్నారు.

చివరి మజిలీ ధర్మవరం. జరీ అంచు పట్టుచీరల ఊరు. పట్టుచీరకూ బరువులకూ ఏమి సంబంధం అంటారా? గుంటమగ్గం దగ్గర ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. నేతగాడు గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. అంచులో హంసో, మామిడిపిందో, గోపురమో రావాలంటే పైన బిగించిన జకార్డు పెట్టె కొన్ని పడుగుపోగులను ఎంచి పైకి లేపాలి. ఆ లేపే బలం అతడి కాలిది. ప్రతి పేకపోగుకూ ఒక తొక్కుడు. చీర ఆరుగజాలూ పూర్తయ్యేసరికి ఎన్నివేల తొక్కుళ్ళో! హమాలీ బస్తా కళ్ళకు కనబడుతుంది, పవర్‌లిఫ్టరు ఇనుము మోగుతుంది. నేతగాడు ఎత్తే బరువు ఇంచీలో ఏ భాగమో లేచి దిగే దారాలది. ఎవరి కంటికీ బరువెత్తినట్టే ఉండదు. ఒకే కాలితో ఒకే పక్కకు తొక్కీ తొక్కీ నడుము, తుంటి, మోకాలు అరిగిపోతాయి. ముందుకు వంగిన వీపు అలాగే నిలిచిపోతుంది. చీర కొన్నామె దాని బరువు చేత్తో తూచి, జరీ దండిగా ఉందని మెచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ జకార్డు పెట్టెను ఎత్తడానికి చిన్న కరెంటు మోటారు అమర్చిన మగ్గాలు వచ్చాయి. మీట నొక్కితే పోగులు లేస్తాయి. కాలికి వెనుకటి శ్రమ లేదు. మోటారు పెట్టించుకున్న ఇంట్లో పెద్దాయన ఒకరు మగ్గం గుంటలోనుంచి లేవడం చూశాను. రెండు అరచేతులూ గుంట అంచులకు ఆనించి, ఒక పక్కకు ఒరిగి, మెల్లగా పైకి వచ్చాడు, పంక్తిలోని పవర్‌లిఫ్టరు లేచినట్టే. లేచాక నడుముమీద చెయ్యి వేసుకొని కాసేపు అలాగే నిలబడ్డాడు. మోటారు ఎలా ఉంది తాతా అని అడిగితే, "నా కొడుక్కు బాగుంటాది నాయనా, నాకు యాభయ్యేండ్లు ఆలస్యంగా వచ్చినాది" అన్నాడు.